గోడల్లో వేయించిన ఆర్జీ-6 కేబుల్: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

గుంటూరులోని మా పాత డాబా ఇల్లు బాగు చేయించినప్పుడు కరెంటు పనితో పాటే ఆర్జీ-6 అనే రకం టీవీ కేబుల్ కూడా గోడల్లోంచి వేయించాం. ఏళ్ల తరబడి వాడాక గట్టిగా చెప్పగలిగింది ఇది: కేబుల్ బ్రాండు గురించి ఆలోచించే ముందు పైపు గురించి పట్టుబట్టండి. కేబుల్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పైపు మార్చాలంటే మళ్లీ గోడ పగలగొట్టాలి.

సన్న పైపు చాలని మేస్త్రి అన్నాడు. మేం 25 మిల్లీమీటర్లదే కావాలన్నాం. ఆర్జీ-6 మందం దాదాపు 7 మిల్లీమీటర్లు. రెండు కేబుళ్లు వేసినా ఇంకొకటి లాగేందుకు చోటు మిగలాలి. మూలల్లో ఒక్కసారిగా మలుపు తిరిగే ఎల్బోలు వద్దని, పొడవాటి బెండ్లే పెట్టించాం. కేబుల్‌ను మడతపడేలా వంచితే లోపలి తెల్లటి ఫోమ్ అణిగిపోయి, ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు కేబుల్ చూపే నిరోధం) 75 ఓమ్‌లు ఉండాల్సిన చోట లెక్క తప్పుతుంది. సిగ్నల్‌లో కొంత అక్కడినుంచే వెనక్కి మళ్లుతుంది. కరెంటు వైర్లున్న పైపులో దీన్ని కలపనివ్వలేదు. ఈ విషయంలో ఎలక్ట్రీషియన్ ఎంత నచ్చజెప్పినా ఒప్పుకోకండి, ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి.

ప్రతి గదికీ విడిగా ఒక పైపు, అన్నీ మెట్ల కింద ఒకే పెట్టెలోకి వచ్చేలా వేయించాం. సాధారణంగా ఒక గది నుంచి పక్క గదికి, అక్కడినుంచి ఇంకో గదికి గొలుసుకట్టుగా లాగుతారు. పైపు ఖర్చు తగ్గుతుంది కానీ, మధ్యలో ఒక్క జాయింటు పాడైతే ఆ తర్వాతి గదులన్నీ పోతాయి. పైగా సిగ్నల్‌ను పంచే రెండు దారుల స్ప్లిటర్ పెట్టిన ప్రతిచోటా సగానికి పైగా సిగ్నల్ తరుగుతుంది. డీటీహెచ్ అయితే మామూలు కేబుల్ టీవీ స్ప్లిటర్ పనికే రాదు. అందుకే డాబా మీది గొడుగుకు రెండు అవుట్‌లెట్ల ఎల్‌ఎన్‌బీ (గొడుగు ముందు సిగ్నల్ అందుకునే పరికరం) పెట్టించి, ఒక్కో టీవీకి ఒక్కో కేబుల్ కిందికి దింపాం.

ఇక కేబుల్ సంగతి. కొట్లో ఒకేలా కనిపించే చుట్టల్లో రెండు రకాలుంటాయి: మధ్య తీగ పూర్తిగా రాగిది, ఉక్కు మీద రాగి పూత పూసినది. చిన్న అయస్కాంతం తీసుకెళ్లి తీగ కొసకు ఆనించి చూడండి. అతుక్కుంటే అది ఉక్కే. సిగ్నల్ వరకు పెద్ద తేడా ఉండదు, అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో అది పై పూత మీదుగానే పోతుంది. అయితే డీటీహెచ్ బాక్సు అదే తీగ మీదుగా ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. ఏ ఛానళ్ల గుంపు కావాలో ఎల్‌ఎన్‌బీ ఆ వోల్టేజీని బట్టే తెలుసుకుంటుంది. పొడవాటి ఉక్కు తీగలో వోల్టేజీ పడిపోతే కొన్ని ఛానళ్లు వస్తాయి, కొన్ని రావు. రాగిది ఖరీదే, అయినా మళ్లీ కొనాల్సివస్తే అదే కొంటాను.

నాకు బొత్తిగా నచ్చనివి గోడకు బిగించే టీవీ సాకెట్లు. స్విచ్ బోర్డులతో కలిపి అమ్మేవాటిలో చాలామటుకు గుచ్చే రకమే, వెనక కేబుల్‌ను స్క్రూతో నొక్కిపెడతారు. డీటీహెచ్ సిగ్నల్ 2150 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది, అలాంటి బిగింపు దగ్గరే బలహీనపడుతుంది. పడక గదిలో వాన పడితే చాలు బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయేది. ఆ సాకెట్ తీసేసి, మరతో బిగించే ఎఫ్ రకం పెట్టాక తగ్గింది. జడివానకు ఇప్పటికీ పోతుంది, దానికి కేబుల్ చేసేదేమీ లేదు.

డాబా మీద ఎండకు తట్టుకునే నల్ల తొడుగు కేబుల్ వాడాం. కొసలకు చేత్తో తిప్పి బిగించేవి కాకుండా, పనిముట్టుతో నొక్కే కంప్రెషన్ కనెక్టర్లు వేయించాం. ఈమధ్య ఒకటి విప్పి చూస్తే తొడుగు కింది అల్యూమినియం తీగల అల్లిక వెండిలా మెరుస్తూనే ఉంది. పాత ఇంటి కేబుల్ కొస కోసినప్పుడు అదే అల్లిక తెల్లటి పొడిగా రాలింది. నీళ్లు చేరితే అల్యూమినియం అలాగే అవుతుంది.

తర్వాత ఫైబర్ ఇంటర్నెట్ వచ్చింది. అదీ మెట్ల కింది పెట్టెలోకే తెచ్చాం. ముందుగది పైపులో తర్వాత కేబుల్ లాగడానికని మేం వదిలిపెట్టిన జీఐ తీగకు (జింకు పూసిన ఇనుప తీగ) నెట్‌వర్క్ కేబుల్ కట్టి లాగితే బెండ్లన్నీ దాటి వచ్చేసింది. టీవీ తీసేసిన గదిలో పాత కోయాక్స్‌నే (ఆ ఆర్జీ-6 టీవీ కేబుల్‌నే) లాగుడు తీగగా వాడాం. అక్కడ కాస్త చెమటోడ్చాల్సి వచ్చింది, గోడ మాత్రం చెక్కుచెదరలేదు. టీవీ అంతా ఇంటర్నెట్‌లోనే చూస్తాం, కోయాక్స్ ఎందుకనేవాళ్లకూ నా మాట ఇదే: కేబుల్ మానేసినా పైపులు, వాటిలో ఒక్కో జీఐ తీగ తప్పక వేయించుకోండి.

ప్లాస్టరింగ్‌కు ముందు గోడల మీద కొలత టేపు ఆనించి, పైపు నేల నుంచి, మూల నుంచి ఎంత దూరంలో ఉందో కనిపించేలా ఫొటోలు తీసుకోండి. ఏసీ బిగించడానికి వచ్చినవాళ్లకు మేం అవే చూపించి, డ్రిల్లు ఎక్కడ పెట్టాలో చెప్పాం.