ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ, పదో ఎడిషన్: తెలిసిన మాటల కోసం కొనవలసిన నిఘంటువు

ఇంగ్లీషు పదసంపద పెంచుకోవాలనుకునేవారు సాధారణంగా ముందు వెతుక్కునేది కఠినపదాల జాబితానే. అమీర్‌పేటలో జీఆర్‌ఈ కోచింగుకు వెళ్లేవారైనా, బ్యాంకు పరీక్షలకు చదివేవారైనా ఎడమ పక్క మాట, కుడి పక్క అర్థం ఉన్న పట్టికలనే బట్టీపడుతుంటారు. అలా వందల మాటలు కంఠస్థం చేసినవారు కూడా నాలుగు వాక్యాల మెయిలు రాయవలసివస్తే తడబడటం చూస్తూనే ఉంటాం. మాటకు అర్థం తెలియడం వేరు, ఆ మాట వాక్యంలో దేని పక్కన ఇముడుతుందో తెలియడం వేరు. ఈ రెండో విషయంలో 2020లో వెలువడిన ఈ పదో ఎడిషన్ చేసే మేలు ఏ పట్టికా చేయలేదని నా అభిప్రాయం.

దీని పుట్టుకలోనే అందుకు కారణం ఉంది. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ మరో ఇద్దరితో కలిసి అక్కడి విద్యార్థుల కోసం కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో దానినే ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. ఇంగ్లీషు మాతృభాష కానివారు ఎక్కడెక్కడ పొరబడతారో తరగతి గదిలో కళ్లారా చూసినవారు మొదలుపెట్టిన పని కనుక, ఆ చూపు నేటి ఎడిషన్‌లోనూ నిలిచే ఉంది.

ఉదాహరణకు 'డిస్కస్' అనే మాటను తీసి చూడండి. దాని తర్వాత 'అబౌట్' చేర్చకూడదని అక్కడ ప్రత్యేకంగా హెచ్చరించి, తప్పు వాక్యాన్ని రాసి మరీ కొట్టివేసి చూపించారు. మనం తెలుగులో 'దాని గురించి చర్చించాం' అంటాం కనుక 'డిస్కస్డ్ అబౌట్ ఇట్' అనే మాట మన నోటికి అప్రయత్నంగా వచ్చేస్తుంది, ఎదుటివారూ తెలుగువారే అయితే దాన్ని తప్పుపట్టేవారు కూడా ఉండరు. 'సజెస్ట్' దగ్గరా ఇదే పద్ధతి కనిపిస్తుంది. 'సజెస్ట్ మీ' అని అడగరాదని చెప్పడానికి వారు కొట్టివేసిన వాక్యం ఒక మంచి డిక్షనరీని సూచించమని అడిగేదే కావడం వారి చమత్కారమో, యాదృచ్ఛికమో తెలియదు గాని చదివినవారు మాత్రం మరచిపోరు. 'ఎక్విప్‌మెంట్', 'ఫర్నిచర్', 'అడ్వైస్' వంటి మాటలకు బహువచనం లేదని తెలిపే గుర్తు పైకి చిన్నదే అయినా, మన ఆఫీసు ఉత్తరాల్లో 'ఎక్విప్‌మెంట్స్' ఎంత ధారాళంగా ప్రవహిస్తుందో ఎరిగినవారికి దాని విలువ తెలుస్తుంది.

దగ్గరగా కనిపించే రెండు మాటలను పక్కపక్కన పెట్టి తేడా చెప్పే పెట్టెలు మరొక ఆకర్షణ. 'హిస్టారిక్', 'హిస్టారికల్' రెండింటికీ తెలుగులో 'చారిత్రక' అనే రాసేస్తుంటాం. అయితే మొదటిది చరిత్రలో నిలిచిపోదగినంత ముఖ్యమైనదానికి, రెండోది కేవలం గతానికి, చరిత్రకు సంబంధించినదానికి వాడతారు. ఇళ్లలో తరతరాలుగా ఉన్న శంకరనారాయణ నిఘంటువు తెలుగు అర్థం చెప్పడంలో నేటికీ అక్కరకు వస్తుంది, దాన్ని అటకెక్కించమని నేను అనను. కాని ఇటువంటి తేడాలు తెలియాలంటే ఇంగ్లీషును ఇంగ్లీషులోనే వివరించే పుస్తకం తప్పనిసరి. నిర్వచనాలన్నీ తేలిక మాటల్లోనే ఉంటాయి కనుక ఇంటర్ చదివే విద్యార్థికి కూడా అవి అందుతాయి.

ఏ మాట నేర్చుకోవాలన్న ప్రశ్నకు ఈ ఎడిషన్ ఇచ్చే జవాబు నాకు బాగా నచ్చింది. భాషా ప్రావీణ్యాన్ని తేలికైన ఏ1 నుంచి కఠినమైన సీ2 దాకా మెట్లుగా కొలిచే యూరప్ పద్ధతి ప్రకారం, ముఖ్యమైన 3,000 మాటలకు ఏ1 నుంచి బీ2 వరకు, వాటిపైన మరో 2,000 మాటలకు బీ2, సీ1 అని స్థాయిలు సూచించారు. 'అడ్రస్' చిరునామా అనే అర్థంలో ఏ1 మాట. సమస్యను పట్టించుకుని దాని పరిష్కారానికి పూనుకోవడమనే క్రియగా అదే మాట బీ2కు చేరుతుంది. చిన్ననాటి నుంచి తెలుసనుకున్న మాటలోనే మనకు తెలియని సగం ఉందని ఈ గుర్తులు చూపిస్తాయి. ఇంగ్లీషు బాగా వచ్చుననుకునేవారు పని మొదలుపెట్టవలసిన చోటు అదే.

లోపాలు లేకపోలేదు. 'పెర్‌ఫంక్టరీ', 'అబ్సీక్వియస్' వంటి అరుదైన మాటలకు క్లుప్తమైన నిర్వచనం, ఒకటి రెండు ఉదాహరణలు మాత్రమే దక్కుతాయి. 2011లో జీఆర్‌ఈ నుంచి వ్యతిరేకపదాల ప్రశ్నలు పోయి, వాక్యంలో ఖాళీలు నింపే ప్రశ్నలకే ప్రాధాన్యం వచ్చాక, అభ్యర్థులకు నిజంగా కావలసినవి అటువంటి మాటల వాడుక ఉదాహరణలే. వారు దీనితో సరిపెట్టుకోకుండా మంచి ఇంగ్లీషు వ్యాసాలు చదవవలసిందే. అన్నట్టు, 'ప్రీపోన్' కూడా భారతీయ ఇంగ్లీషు అన్న గుర్తుతో ఇందులో చోటు సంపాదించుకుంది. విదేశీ క్లయింటుకు రాసేటప్పుడు ఆ గుర్తును కాస్త గమనించడం మంచిది.

ఇక ఉచ్చారణ. 'ఫొటోగ్రాఫ్'లో మొదటి అక్షరం మీద, 'ఫొటోగ్రఫీ'లో రెండోదాని మీద, 'ఫొటోగ్రాఫిక్'లో మూడోదాని మీద ఊనిక పడుతుంది. అచ్చు పుస్తకంలో దీన్ని గుర్తులతో సూచిస్తారు, కాని చెవితో వింటే తప్ప మనకు పట్టుబడదు. వెబ్‌సైటులో బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ ఉచితంగా వినవచ్చు, నిర్వచనాలూ ఉదాహరణలూ అక్కడ లభిస్తాయి. అందువల్ల ఎప్పుడో ఒక మాట చూసుకునేవారు డబ్బు పెట్టనక్కరలేదు. బరువైన ఆ అచ్చు ప్రతిని ఉపాధ్యాయులకు, అనువాదకులకు, ఫోను తీస్తే మరో గంట దానిలోనే గడిచిపోయే విద్యార్థులకు మాత్రం గట్టిగా సిఫారసు చేస్తాను. కొనేటప్పుడు అట్ట మీద పదో ఎడిషన్ అని ఉందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే పాత ఎడిషన్లలో పైన చెప్పిన ఏ1, బీ2 స్థాయిల గుర్తులు ఉండవు.