ఎండీఎస్ రిస్క్ స్కోరు కాలిక్యులేటర్ ఎలా ఉందంటే

ఎండీఎస్, అంటే మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ (ఎముక మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు) ఉన్నవాళ్లకు డాక్టర్లు చెప్పే రిస్క్ కేటగిరీ ఎలా వచ్చిందో ఇంట్లోవాళ్లకూ తెలియాలి. అందుకే మా నాన్న రిపోర్టులు ముందు పెట్టుకుని ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే ఐపీఎస్ఎస్-ఆర్ (ఈ రిస్క్‌ని పాయింట్లతో కొలిచే పద్ధతి) కాలిక్యులేటర్ వాడాను. లెక్క చక్కగా వేస్తుంది. చివర్లో చూపించే సంవత్సరాలకు అర్థం మాత్రం చెప్పదు.

అడిగేవి ఐదు. నాన్నకు ఎముక మజ్జలో బ్లాస్టులు (పూర్తిగా ఎదగని రక్తకణాలు) 3 శాతం, దానికి 1 పాయింటు. క్రోమోజోములు నార్మల్, అది 'గుడ్' గ్రూపు కాబట్టి ఇంకో 1. హిమోగ్లోబిన్ 8.9కి 1, ప్లేట్‌లెట్లు 82 వేలకు 0.5. న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 1100, దానికి సున్నా. మొత్తం 3.5, 'ఇంటర్మీడియట్'.

హిమోగ్లోబిన్ గడిలో రక్తం ఎక్కించాక వచ్చిన 10.2 వేసి చూడండి. స్కోరు 2.5కి దిగి 'లో రిస్క్' అని వస్తుంది! మజ్జలో మారిందేమీ లేదు. కాబట్టి ఏ రోజు రిపోర్టుతో లెక్కగట్టారో డాక్టర్ గారిని తప్పకుండా అడగండి. నేను వాడిన పేజీలో ఈ హెచ్చరిక ఎక్కడా లేదు, ఉండి తీరాలి. యూనిట్లతోనూ జాగ్రత్త. ల్యాబు 82,000 అని ఇచ్చినదాన్ని ఇక్కడ 82 అని, న్యూట్రోఫిల్స్‌ని 1.1 అని కొట్టాలి.

ఇంటర్మీడియట్ అనగానే పక్కనే '3 సంవత్సరాలు' అని కనిపిస్తుంది. అది చూసి అమ్మకు నోట మాట రాలేదు. అదేదో గడువు అనుకుంది పాపం. 2012లో ఈ స్కోరు తయారుచేయడానికి 7,012 మంది వివరాలు చూశారు. వాళ్లలో ఈ కేటగిరీ వాళ్లు సగం మంది అంతకన్నా ఎక్కువ కాలమే బతికారు. పైగా అవి జబ్బు తీరును మార్చే చికిత్సలు తీసుకోనివాళ్ల లెక్కలు. ఇంకో సంగతి, 3 దాటి 4.5 వరకు ఎంత వచ్చినా ఇంటర్మీడియటే అంటారు. అందుకే కేటగిరీ పేరుతో సరిపెట్టుకోకుండా స్కోరు ఎంతో కూడా రాసిపెట్టుకోండి. వయసు ఇస్తే దాన్నిబట్టి స్కోరు సవరిస్తుంది, ఆ గడి ఖాళీగా వదలొద్దు.

2022లో వచ్చిన ఐపీఎస్ఎస్-ఎం అనే కొత్త స్కోరు జన్యు మార్పులనూ లెక్కలోకి తీసుకుని ఆరు కేటగిరీలుగా చెబుతుంది. ఎస్ఎఫ్3బీ1 అనే జన్యువులో మార్పు ఒక్కటే ఉంటే సాధారణంగా మంచి సూచన, టీపీ53 అనే జన్యువు రెండు కాపీలూ దెబ్బతింటే రిస్క్ బాగా పెరుగుతుంది. నాన్న జన్యు పరీక్ష రిపోర్టు రాగానే అందులోనూ వేసి చూస్తాం.

ఐదుకు నాలుగు స్టార్లు. డాక్టర్ గారిని ఏం అడగాలో తేల్చుకోవడానికి వాడండి. పేషెంటును పక్కన కూర్చోబెట్టుకుని మాత్రం తెరవకండి.