.308 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మోర్: దూరం పెరిగేకొద్దీ ఏది నిలబడుతుంది?

తూటాల పెట్టె మీద అచ్చయిన వేగం, శక్తి చూసి రైఫిల్ క్యాలిబర్ (తూటా రకం) ఎంచుకుంటే 300 మీటర్ల దాకా పెద్దగా నష్టం లేదు. ఆ తర్వాత లెక్క మారిపోతుంది. 1952లో వచ్చిన .308 విన్‌చెస్టర్‌ను, 2007లో హార్నడీ కంపెనీ తెచ్చిన 6.5 క్రీడ్‌మోర్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది.

.308లో 175 గ్రెయిన్ల (తూటాల బరువు కొలత) మ్యాచ్ బుల్లెట్, అంటే పోటీల్లో వాడే 11.3 గ్రాములది, సెకనుకు 792 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. శక్తి సుమారు 3,560 జౌల్స్. క్రీడ్‌మోర్‌లో 140 గ్రెయిన్ల బుల్లెట్‌ వేగం 826 మీటర్లు, శక్తి 3,100 జౌల్స్. బ్యారెల్ మూతి దగ్గర .308దే పైచేయి. అయితే క్రీడ్‌మోర్ బుల్లెట్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. దాని జి1 బాలిస్టిక్ కోఎఫిషెంట్, అంటే గాలి నిరోధాన్ని తట్టుకునే సామర్థ్యపు కొలత, 0.646 అయితే .308 బుల్లెట్‌ది 0.505 మాత్రమే. గాలిని సులువుగా చీల్చుకుపోయేది వేగాన్ని నిలుపుకుంటుంది. అందుకే 450 మీటర్ల చుట్టుపక్కల రెండింటి శక్తీ సమానమై, అక్కడి నుంచి తేలికపాటి బుల్లెట్టే ముందుంటుంది.

100 మీటర్లకు జీరో చేసిన, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేసిన రైఫిల్‌తో 900 మీటర్లకు కొట్టాలంటే .308కి స్కోప్‌లో దాదాపు 11 మిల్ (కోణపు కొలత) తిప్పాలి, క్రీడ్‌మోర్‌కి ఎనిమిదిన్నర చాలు. నిజానికి ఈ తేడా అంత ముఖ్యం కాదు. దూరం కచ్చితంగా తెలిస్తే కిందికి జారేది లెక్కకు అందుతుంది. అందనిది పక్కగాలి. సెకనుకు 4.5 మీటర్ల అడ్డగాలికి 900 మీటర్ల దగ్గర .308 బుల్లెట్ సుమారు 2.4 మీటర్లు పక్కకు పోతుంది, క్రీడ్‌మోర్‌ది 1.6 మీటర్లు. గాలి అంచనాలో ఒకే పొరపాటు చేసినా క్రీడ్‌మోర్‌కి పడే శిక్ష మూడింట రెండు వంతులే. ఈ ఒక్క కారణంతోనే దూరపు టార్గెట్లకు దాన్ని ఎంచుకోవచ్చు.

.308 తీసుకునేవాళ్లు ఒకటి గమనించాలి. పేరున్న 168 గ్రెయిన్ల సియెరా మ్యాచ్‌కింగ్ బుల్లెట్ 600 మీటర్ల దాకా చక్కగా కొడుతుంది. 800 దాటాక మాత్రం ధ్వని వేగానికి దగ్గరపడి తడబడుతుంది, గ్రూపులు (వరుస గుళ్లు పడ్డ చోట్లు) చెదిరిపోతాయి. దాని వెనకభాగపు వాలు 13 డిగ్రీలు ఉండటమే అందుకు కారణం. 9 డిగ్రీల వాలున్న 175 గ్రెయిన్ల బుల్లెట్ ఆ దశను మెరుగ్గా దాటుతుంది.

క్రీడ్‌మోర్‌కి చెల్లించాల్సిన మూల్యం బ్యారెల్. దాదాపు అంతే తుపాకీ మందు ఇంకా ఇరుకైన రంధ్రం గుండా మండుతూ పోతుంది కాబట్టి ఛాంబర్ (తూటా కూర్చునే గది) ముందు భాగం త్వరగా అరిగిపోతుంది. మ్యాచ్ స్థాయి కచ్చితత్వం 2,000 నుంచి 3,000 రౌండ్ల దాకా ఉంటుంది, .308కైతే 5,000 పైమాటే. వారం వారం వందల రౌండ్లు కాల్చేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. భుజం మీద తన్ను మాత్రం క్రీడ్‌మోర్‌లో గణనీయంగా తక్కువ, అందుకే బుల్లెట్ ఎక్కడ పడిందో స్కోప్‌లోంచే చూసుకోవచ్చు.

300 మీటర్లలోపు సాధనకు ఈ రెండూ అక్కర్లేదు, .223 రెమింగ్టన్ చాలు. ఇక్కడ ట్విస్ట్, అంటే బ్యారెల్ లోపలి గాళ్ల మెలిక, చూసుకోవాలి. 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే బ్యారెల్‌కు 55 గ్రెయిన్ల బుల్లెట్ సరిపోతుంది. అదే బ్యారెల్‌లో 77 గ్రెయిన్లది వేస్తే సరిగా తిరగక అడ్డంగా పోయి, కాగితంలో తాళంచెవి ఆకారపు రంధ్రం పడుతుంది. దానికి 7 లేదా 8 అంగుళాల ట్విస్ట్ కావాలి. .223 ఛాంబర్‌లో 5.56 మిలిటరీ తూటా వేయకూడదు. చూడటానికి అలాగే ఉన్నా ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

పెట్టె మీది వేగం సాధారణంగా 24 అంగుళాల బ్యారెల్‌లో కొలిచింది. పొడవు ఒక్కో అంగుళం తగ్గేకొద్దీ సెకనుకు సుమారు 7 మీటర్లు పోతాయి. ఎండ ముదిరితే మందు వేగంగా మండి ఆ అంకె మళ్లీ కదులుతుంది. కాబట్టి బుల్లెట్ దారిని లెక్కగట్టే బాలిస్టిక్ యాప్‌లో పెట్టె మీది అంకె కాకుండా, సొంత రైఫిల్‌తో క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) మీద కొలిచిన వేగాన్నే ఎక్కించాలి.