మూడు అంగన్‌వాడీలు, ఇద్దరు పిల్లలు, ఏడేళ్లు

2018లో పెద్దది కడుపులో ఉన్నప్పుడు గర్భిణులకు పెట్టే ఆరోగ్య లక్ష్మి పథకం భోజనానికని మొదటిసారి అంగన్‌వాడీ గడప తొక్కాను. రోజూ అన్నం, పప్పు, గుడ్డు, గ్లాసు పాలు. ఇప్పుడు చిన్నోడు వెళ్తున్నాడు. ఈ మధ్యలో మూడు కేంద్రాలు చూశాను: మర్రిగూడ వైపు మా తల్లిగారి ఊరు, దేవరకొండ వైపు అత్తగారి ఊరు, మా ఆయన పని వల్ల కాపురం మారాక నల్లగొండ టౌన్. ఊళ్ల పేర్లు రాయను, అందరూ తెలిసినవాళ్లే.

చూడ్డానికి బాగుండేది అత్తగారి ఊరిదే. సొంత బిల్డింగు, గోడల నిండా ఏనుగులు, మామిడిపండ్లు, అక్షరాలు. ఆటబొమ్మలు మాత్రం బీరువాలో ఉండేవి, తాళం టీచర్ హ్యాండ్‌బ్యాగులో. ఆమె మండల కేంద్రం నుంచి బస్సులో వచ్చేసరికి పదిన్నర. ఆయా పోస్టు ఖాళీ. వంటా ఆమే, రిజిస్టర్లూ ఆమే, ఇక పాటలు ఎవరు పాడిస్తారు? రిజిస్టర్‌లో ఇరవై పేర్లుంటే కూర్చునేది ఏడుగురు. మిగతావాళ్లు పొద్దున్నే ప్రైవేటు స్కూల్ వ్యాన్ ఎక్కేసేవాళ్లు.

తల్లిగారి ఊరిది రేకుల కప్పు ఉన్న అద్దె గది. ఏప్రిల్‌లో లోపల కూర్చోలేం. అయినా మార్కులు వేయమంటే ముందు దానికే వేస్తాను, ఆయమ్మ వల్ల. చిన్నోడి కాన్పుకు వెళ్లి 2022 అంతా అక్కడే ఉన్నాం. తొమ్మిది కాకముందే ఆమె గల్లీ గల్లీ తిరిగేది. వెనకాల ఐదారుగురు పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలుబండిలా వచ్చేవాళ్లు. మా గేటు దగ్గర ఆగి "ఏందే, ఇంకా లేవలేదా?" అని అరిచి, పెద్దదాని మొహం తన కొంగుతోనే తుడిచి రైలుకు తగిలించేది.

పెద్దది పచ్చసొన ముట్టేది కాదు, ఉమ్మేసేది. ఒకరోజు మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఆయమ్మ గుడ్డును దారంతో రెండు ముక్కలు కోసి, పచ్చసొన వేడి పప్పులో వేసి, రెండు వేళ్లతో మెదిపి అన్నంలో కలుపుతోంది. తెల్లది పక్కన పెట్టింది. నన్ను చూసి "చెప్పకు, దానికి తెల్వదు" అంది. నీళ్ల విషయంలోనూ అంతే. మాది ఫ్లోరైడ్ ప్రాంతం, మా నాన్న తరం పళ్లు చూస్తే చాలు. మిషన్ భగీరథ నల్లా (సర్కారు ఇచ్చే శుద్ధి చేసిన నీళ్లు) రాని రోజు ఎవరింట్లో పట్టి పెట్టిన నీళ్లున్నాయో అడిగి బిందె తెచ్చేది కానీ బోరు నీళ్లు పప్పులో పడనిచ్చేది కాదు.

బాలామృతం, అంటే చిన్నపిల్లలకు అంగన్‌వాడీలో ఇచ్చే పిండి, దాని గురించి నన్ను చాలామంది అడుగుతారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా నెలకో రెండున్నర కిలోల ప్యాకెట్, పదహారు గుడ్లు ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి, తియ్యగా ఉంటుంది. వేడి నీళ్లలో చిక్కటి జావలా కలిపితే మావాడు గిన్నె నాకేవాడు. ప్యాకెట్ విప్పిన రోజే స్టీలు డబ్బాలో పోయకపోతే వానాకాలంలో పురుగు పడుతుంది. కొందరు బర్రెల కుడితిలో కలుపుతారు, అది చూస్తే మాత్రం నాకు కోపం వస్తుంది.

అత్తగారి ఊళ్లో నాకు అసలు మింగుడు పడనిది తూకం. ఒక నెల మావాణ్ణి తూచకుండానే, పోయిన నెల అంకెకు రెండు వందల గ్రాములు కలిపి రాసేశారు. పక్కనే నిలబడి చూశాను. పని ఎక్కువైందిలే అని ఊరుకున్నాను, అది నా తప్పు. 2024లో నల్లగొండ వచ్చాక అక్కడి టీచర్ మొదటి రోజే మావాడి జబ్బకు రంగుల టేపు చుట్టింది. 12.2 సెంటీమీటర్లు, పసుపు. పన్నెండున్నర దాటితే పచ్చ, అంటే బాగున్నట్టు; పదకొండున్నర లోపైతే ఎరుపు, అంటే బిడ్డ బాగా చిక్కిపోయినట్టు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారం వారం మా ఇంటికి వచ్చి, ఏం పెడుతున్నానో అడిగి, నూనె ఇంకో చెంచా వేయమని చెప్పి, మూడు నెలల్లో పచ్చలోకి తెచ్చింది.

చదువులోనూ టౌన్‌దే మెరుగు. అంతకుముందు అత్తగారి ఊళ్లో ఉండగా, 2023 సెప్టెంబరులో అంగన్‌వాడీల సమ్మె మొదలై అక్కడి కేంద్రం మూడు వారాలకు పైగా మూతపడింది. గ్రాట్యుటీ కోసం వాళ్లు కూర్చోవడంలో నాకు తప్పు కనిపించలేదు. కానీ ఇంట్లో ఇద్దరితో టెన్షన్ పడలేక పెద్దదాన్ని నేనూ వ్యాన్ ఎక్కించాను. నాలుగున్నరేళ్లకే రోజూ ఏబీసీడీలు పేజీలకు పేజీలు రాయించేవాళ్లు. నల్లగొండ వచ్చాక పెద్దదాన్ని మళ్లీ అంగన్‌వాడీకే పంపితే, అక్కడ పెన్సిలే ఇవ్వలేదు. చింతగింజలు, బఠాణీలు కలిపిచ్చి వేరు చేయమనేవాళ్లు. నెల తిరిగేసరికి ఇంట్లో బియ్యంలో రాళ్లు ఏరుతూ లెక్క చెప్పేది.

అక్కడా లోపాలున్నాయి. ప్రైమరీ స్కూల్ ఆవరణలో ఒక్క గది, ముప్పై మంది పిల్లలు. బాత్రూం తాళం హెడ్మాస్టర్ దగ్గర. ఇక పోషణ్ ట్రాకర్ అనే సర్కారు ఫోన్ యాప్‌లో ఫొటో ముఖంతో కలవాలంటూ టీచర్ ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటుంటే, పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటుంటారు.

కొత్తగా చేర్పించేవాళ్లు గోడల బొమ్మలు చూడొద్దు. చెప్పకుండా పదకొండు గంటలకు వెళ్లి కూర్చోండి. పిల్లల్ని ఎవరు పిలుచుకొస్తున్నారో అడగండి, మీ బిడ్డను మీ కళ్లముందే తూచమనండి.

అత్తగారి ఊరి కేంద్రానికి ఈమధ్యే ఆయా వచ్చిందట. బీరువా తాళం సంగతేమిటో దసరాకు వెళ్లినప్పుడు చూడాలి.