కొత్త డీజిల్ పికప్: ఇంజన్ బాగుంది, సైలెన్సర్‌తోనే తంటా

కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ జబ్బు కాదు. టన్నున్నర పికప్, కొత్త ఇంజన్‌తో వచ్చిన మొదటి బ్యాచ్ బండి. చిత్తూరు చుట్టుపక్కల బాడుగలకు తిప్పుతున్నాను, సీజన్‌లో మామిడి, మిగతా నెలల్లో టమోటా, అవి లేనప్పుడు ఏది దొరికితే అది.

ముందు మంచి చెప్పేస్తాను. లాగుడు అద్భుతం. పాత బండి మూలుగుతూ ఎక్కే మొగిలి ఘాట్‌ని ఇది అదే లోడుతో ఒక గేరు పైనే ఉండి ఎక్కేస్తుంది, మైలేజీకి కూడా వంక పెట్టలేను. బెంగుళూరు దాకా పోయి వచ్చే ట్రిప్పుల్లో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు.

ఇబ్బందంతా లోకల్‌లోనే. జూన్, జూలైలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడ్లు ఎలా నిలబడతాయో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పది అడుగులు జరిపి ఆపడం, మళ్ళీ స్టార్ట్ చేసి ఇంకో పది అడుగులు జరపడం, రాత్రంతా ఇదే పని. ఆ క్యూలోనే మీటర్‌లో పసుపు లైటు వెలిగింది. లోడు దించి బయటికి వచ్చాక చూస్తే యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఆర్పీఎం పైకి పోదు. ఖాళీ బండి, చదును రోడ్డు, అయినా వెనక నుంచి ఆటోవాడు హారన్ కొట్టుకుంటూ దాటిపోయాడు.

జరిగింది ఏమిటంటే, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అనే కొత్త పొగ రూలు వచ్చింది కదా, అప్పటి నుంచి డీజిల్ బండి పొగగొట్టంలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటోంది. పొగలోని మసిని అది పట్టుకుంటుంది. మసి నిండితే బండే కాస్త డీజిల్ ఎక్కువ కొట్టి, సుమారు 600 డిగ్రీల వేడి పుట్టించి దాన్ని కాల్చేస్తుంది, దీన్నే రీజెన్ అంటారు. అయితే అది పూర్తి కావాలంటే హైవే మీద ఆగకుండా కొంతసేపు పోవాలి. క్యూలో నిలబడే బండికి, మండీకీ తోటకీ మధ్య తిరిగే బండికి ఆ అవకాశం ఎక్కడిది? మొదలవుతుంది, మధ్యలో మనం ఇంజన్ ఆపేస్తాం, మసి అలాగే ఉండిపోతుంది. చివరికి ఇంజన్‌ని కాపాడడానికి కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది.

ఇంకొకటి, దీని గురించి షోరూములో ఎవరూ నోరు విప్పరు. పొద్దున్నే ఆయిల్ స్టిక్ తీసి చూస్తే లెవెల్ తగ్గాల్సింది పోయి పై గీత దాటి ఉంది, వేళ్ళ మధ్య రాస్తే నీళ్ళలా పల్చగా జారుతోంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. రీజెన్ కోసం కొట్టిన డీజిల్‌లో కాలనిది సిలిండర్ గోడల వెంట కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది, రీజెన్ మాటిమాటికీ మధ్యలో ఆగితే ఇంకా ఎక్కువ కలుస్తుంది. ఆ ఆయిల్‌తోనే తిప్పితే టర్బో, బేరింగులు ఎన్నాళ్ళు ఉంటాయి?

సర్వీస్ సెంటర్‌లో చెబితే "అన్నా, మీరు స్లోగా తోలుతున్నారు, హైవేలో తోలండి" అన్నాడు. లోడు బండిని తోలుకుని నేను షికారుకు పోవాలా! తర్వాత డీజిల్ బాగాలేదన్నారు, బంకు బిల్లులు అడిగారు, ఇచ్చాను. ఫిల్టర్ క్లీనింగ్ వారంటీలో రాదన్నారు. గట్టిగా అడిగితే లోపలికి పోయి మాట్లాడుకొచ్చి, స్కానర్ పెట్టి నిలబెట్టిన చోటే రీజెన్ చేశారు, సాఫ్ట్‌వేర్ కూడా మార్చారు. ఇదే మొదటి రోజు చేసి ఉంటే అన్ని బాడుగలు పోయేవి కాదు కదా. సర్వీసుకు అయిదుకు ఒకటి, అదీ ఆ స్కానర్ కుర్రాడి పుణ్యమే.

సాఫ్ట్‌వేర్ మార్చాక లైటు రావడం తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ కొత్త ఇంజన్ మొదటి బ్యాచ్ కొన్నవాడి మీదే కంపెనీలు పరీక్షలు చేస్తాయన్నది మన దగ్గరే కాదు, అమెరికాలోనూ ఇదే కథ. 2003 మోడల్‌కి ఫోర్డ్ పెద్ద పికప్‌లలో కొత్తగా పెట్టిన 6 లీటర్ల డీజిల్ ఇంజన్‌లో ఈజీఆర్ కూలర్లు (ఇంజన్ లోపలికి తిరిగి పంపే పొగను చల్లబరిచేవి), హెడ్ గ్యాస్కెట్లు పోయి పోయి, వారంటీ ఖర్చు ఎవరు భరించాలని ఫోర్డ్, ఆ ఇంజన్ తయారుచేసిన నావిస్టార్ కోర్టుకెక్కాయి. అంత పెద్ద కంపెనీలే ఖర్చు నీదంటే నీదని కొట్టుకుంటే, ఈఎంఐ కట్టుకునే మనల్ని ఎవరు పట్టించుకుంటారు?

ఫిల్టర్ పీకేసి ఖాళీ పైపు పెట్టిస్తామని తిరిగేవాళ్ళు ఉన్నారు. అది చట్టవిరుద్ధం, వారంటీ కూడా పోతుంది, రేపు ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి పోతే అదో టెన్షన్. ఆయిల్ మాత్రం కంపెనీ చెప్పిన లో యాష్ గ్రేడే పోయించండి, మసి కాలుతుంది కానీ ఆయిల్ బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే పేరుకుపోతుంది. పొగలోని విషవాయువులు తగ్గించే యూరియా ట్యాంకు ఉన్న మోడల్ అయితే అందులో పోసేది 32.5 శాతం యూరియా ఉండే శుద్ధమైన ద్రావణం. మిగిలిన ఎరువు బస్తా నీళ్ళలో కలిపి పోశారంటే ఆ సిస్టమ్ మొత్తానికే ఎసరు.

చెన్నై, బెంగుళూరు లైన్‌లో తిప్పేవాళ్ళు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు, బండికి నాలుగు స్టార్లు ఇస్తాను. తోట నుంచి మండీకి, మండీ నుంచి ఫ్యాక్టరీకి అంటే మాత్రం రెండే. వాళ్ళు సీఎన్‌జీ బండి చూసుకోవడం మేలు, మీ రూట్‌లో బంకు ఉంటేనే. లేదు, ఇదే కావాలంటే ఇంకో ఏడాది ఆగండి. అడ్వాన్స్ కట్టే ముందు స్కానర్‌తో రీజెన్ చేసేవాడు చిత్తూరు బ్రాంచిలోనే ఉంటాడా, ప్రతిసారీ తిరుపతికి తోలుకుపోవాలా అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.