ఢిల్లీ నేషనల్ మ్యూజియమా, సాలార్‌జంగా: ఏది పెద్దది?

టూర్ వేసుకునేవాళ్ళూ, పిల్లల్ని పోటీ పరీక్షలకు తయారుచేసేవాళ్ళూ పదే పదే అడిగే ప్రశ్న ఇది. అంకెల్లోనైతే జవాబు తేలికే. ఢిల్లీలో 2 లక్షలకు పైగా వస్తువులున్నాయి. సాలార్‌జంగ్‌లో 46,000కు పైగా కళావస్తువులు, 8,000 పైచిలుకు రాతప్రతులు, ఇంకా 60,000కు పైగా అచ్చు పుస్తకాలు. పుస్తకాలు పక్కన పెడితే ఢిల్లీది దాదాపు నాలుగు రెట్లు.

అయితే ముందు తేల్చుకోవాల్సింది, దేన్ని ‘ఒకటి’ అని లెక్కపెట్టారన్నది. మ్యూజియంలోకి వచ్చిన వస్తువుకు రిజిస్టర్‌లో యాక్సెషన్ నంబరు వేస్తారు. లంకెబిందెలో వెయ్యి నాణేలు దొరికితే వెయ్యి పద్దులు పడతాయి. మూడొందల ఆకుల రాతప్రతికి ఒక్కటే పద్దు. అదే ఒక ఆల్బమ్ విప్పి బొమ్మలు విడదీస్తే ఆకుకో పద్దు. కప్పూ సాసరూ ఒకే నంబరు కింద ‘ఎ’, ‘బి’లుగా ఉండొచ్చు, విడివిడిగానూ ఉండొచ్చు. తవ్వకాల్లో దొరికిన కుండపెంకులకు కొన్నిచోట్ల సంచికొక నంబరే. ఒకే మ్యూజియంలో పాత రిజిస్టరుకూ కొత్తదానికీ పద్ధతి మారిపోవచ్చు. అందుకే మళ్ళీ లెక్క తీసినప్పుడు ఒక్క వస్తువూ పోకుండానే మొత్తం అటూ ఇటూ అవుతుంది.

ఢిల్లీ మొత్తంలో నాణేలే లక్షకు పైగా. అవి తీసేసి చూస్తే నాలుగు రెట్ల తేడా కాస్తా రెండు రెట్ల దరిదాపుల్లోకి వస్తుంది. అలాగని నాణేలను విడివిడిగా లెక్కించడం అంకె పెంచుకోవడానికి కాదు. నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో పశ్చిమ క్షత్రప రాజు నహపానుడి వెండి నాణేలు 13 వేలకు పైగా దొరికాయి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్ళీ కొట్టించాడు. శాతవాహనుల గెలుపుకు అదే గట్టి సాక్ష్యం. ప్రతి నాణేన్నీ తిప్పి చూసి, కింద పాత ముద్ర ఉందో లేదో రాసుకుంటేనే అది బయటపడుతుంది. గుత్తగా ‘ఒక కుప్ప’ అని రాసుకుంటే ఆ చరిత్ర పోయినట్టే.

కోల్‌కతా ఇండియన్ మ్యూజియం 1814 నాటిది, మన దేశంలో అన్నింటికన్నా పాతది. అక్కడ జంతువులు, రాళ్ళు, మొక్కల విభాగాలు కూడా ఉన్నాయి కాబట్టి పోలిక కుదరదు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం తన దగ్గర 80 లక్షల వస్తువులున్నాయి అంటుంది, ప్రదర్శనలో ఉన్నది అందులో నూటికి ఒకటి.

చరిత్రను వరసగా చూడాలంటే ఢిల్లీకే వెళ్ళాలి. మొహెంజోదారో నర్తకి బొమ్మ 10.5 సెంటీమీటర్లే, హరప్పా గ్యాలరీలో దాని దగ్గర ఆగకపోతే కంటికి ఆనకుండా పోతుంది. నాగార్జునకొండ శిల్పాలు కూడా అక్కడున్నాయి. కానీ ఒక సేకరణ ఎలా పెరిగిందో తెలియాలంటే నా ఓటు సాలార్‌జంగ్‌కే. అక్కడున్నవి చాలావరకు ఒక్క కుటుంబం, నిజాముల దగ్గర దివాన్లుగా చేసిన సాలార్‌జంగ్‌లు, తెచ్చుకున్నవి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేశాడు. రిజిస్టరులో ఆ పాలరాతి విగ్రహమూ ఒక్క పద్దే, ఢిల్లీలో ఒక చిల్లర నాణెమూ ఒక్క పద్దే.

సాలార్‌జంగ్‌కు శుక్రవారం, ఢిల్లీకి సోమవారం సెలవు. మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్‌లో రెండింటి వస్తువులూ ఫొటోలతో దొరుకుతాయి, కానీ అక్కడ ఎక్కించినవే మొత్తం అనుకోవద్దు. గ్యాలరీలో లేని వస్తువు కావాలంటే యాక్సెషన్ నంబరు రాసుకుని, ముందుగా ఉత్తరం పెట్టి అడగండి. పేరు ఒక్కటే రాస్తే వెతకడానికి చాలా రోజులు పడుతుంది.