పాత అంబాసిడర్ బాగు చేయిస్తున్నారా? సీట్లు చూసి డబ్బు ఇచ్చేయకండి

మా నాన్నగారి అంబాసిడర్ మార్క్ 4, 1984 బండి. ఆయన పోయాక ఆరేళ్లు రాజోలు దగ్గర మా కొబ్బరితోటలో షెడ్డు కింద ఉండిపోయింది. మాఘమాసంలో అంతర్వేది కల్యాణానికి అమ్మని అదే కారులో తీసుకెళ్లాలనుకుని, పాత కార్లు బాగు చేస్తారని పేరున్న ఒక షెడ్డుకి ఇచ్చాను. ఏ షెడ్డో ఇక్కడ రాయను. కానీ జరిగింది మాత్రం మీరు తెలుసుకోవాలి. మన కోనసీమలో, భీమవరం వైపు ఇలా తాతల కార్లు బయటికి తీస్తున్నవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు.

మొత్తం 1,85,000 రూపాయలు మాట్లాడుకున్నాం. అందులో బ్రేకులకి 40,000, మిగతాదంతా లోపలి పనికి. మూడు నెలల తర్వాత బండి చూస్తే అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. గోధుమరంగు రెగ్జిన్, కొత్త టాప్ లైనింగ్, డోర్ ప్యాడ్లు, కింద ఎక్కడా గ్యాప్ లేకుండా అతికించిన కార్పెట్. బ్రేకులు కూడా బాగానే పట్టాయి. బిల్లులో 'వీల్ సిలిండర్లు కొత్తవి, పైపులు కొత్తవి' అని ఉంది. వీల్ సిలిండర్లంటే పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడితో చక్రం దగ్గర బ్రేకు పట్టించేవి. నమ్మి డబ్బంతా కట్టేశాను.

ఐదు వారాలు గడిచాయి. కాలవగట్టు రోడ్డు మీద వెళ్తుంటే ఎదురుగా గేదెలు అడ్డం వచ్చాయి. పెడల్ తొక్కితే నేలకి ఆనిపోయింది. మళ్లీ తొక్కాను, ఏమీ లేదు. ఎడమపక్క నిండు కాలవ, వెనకసీట్లో అమ్మ. రెండో గేరులోకి దించి, హ్యాండ్‌బ్రేక్ లాగి, తూము గోడకి రాపిడి పెట్టి ఆపాను. అమ్మ నుదురు బొప్పి కట్టింది. అంతకుమించి ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాలకొల్లులో ఒక పెద్ద మేస్త్రి గారున్నారు, అంబాసిడర్ల మీదే చెయ్యి తిరిగిన మనిషి. బండి ఆయన దగ్గరికి తోయించుకెళ్లాం. ఆయన ముందు బానెట్ ఎత్తలేదు. డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ పట్టుకుని లాగారు. అది రాలేదు, గమ్ముతో అతికించేశారు.

"బ్రేక్ ఆయిల్ ఎప్పుడు చూసుకున్నారండి బాబూ?" అని అడిగారు. అప్పుడర్థమైంది నాకు. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ ఈ మోడల్‌లో డ్రైవర్ కాళ్ల కింద, ఫ్లోర్ అడుగున ఉంటుంది. కార్పెట్ ఎత్తి, చిన్న మూత తీస్తేనే ఆయిల్ ఎంతుందో తెలుస్తుంది. ఆ మూత మీదే కార్పెట్ అతికించేశారు. అంటే మూడు రూపాయల గమ్ముతో నేను చూసుకునే దారి మూసేశారు. బ్లేడుతో కోసి తీస్తే లోపల ఆయిల్ చుక్క లేదు. మా బండి పాతకాలపు పద్ధతిది, నాలుగు చక్రాల బ్రేకులకీ కలిపి ఒకటే ఆయిల్ లైను. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి.

ఎక్కడ కారిందో వెనక డ్రమ్ములు విప్పితే దొరికింది. బిల్లులో కొత్తవని రాసిన వీల్ సిలిండర్లు పాతవే. పైన వెండిరంగు పెయింట్ కొట్టారు. బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. మన డెల్టా తేమలో ఆరేళ్లు కదలకుండా ఉంటే సిలిండర్ లోపల తుప్పు తిని గుంటలు పడతాయి. అలాంటిదాన్ని ఎమ్రీ కాగితంతో రుద్ది, కొత్త రబ్బరు వాషర్ వేసి బిగించారు. ఆ గుంటల అంచులు వాషర్‌ని కోసేస్తాయి. మొదట్లో బాగా పట్టి, రోజుకింత కారుతూ ఒకరోజు ఖాళీ అవుతుంది. సరిగ్గా అదే అయింది. కారిన ఆయిల్‌తో, డ్రమ్ముకి ఒరుసుకుని చక్రాన్ని ఆపే లైనర్లు కూడా తడిసిపోయాయి. కొత్త పైపులన్నవి ఫ్రిజ్‌లకి వాడే మెత్తటి రాగి గొట్టాలు. బండి అదురుకి రాగి గట్టిపడి చీలుతుందని, బ్రేకుకి స్టీలు పైపే వేయాలని మేస్త్రి గారు చెప్పారు.

కార్పెట్ మొత్తం తీయించాను. ఫ్లోర్ తుప్పు కోసి రేకు వెల్డింగ్ చేయలేదు, లప్పం పెట్టి నల్లరంగు వేశారు. పైన పరిచిన ఫెల్టు పిండితే నీళ్లొచ్చాయి. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఆ తడి ఫెల్టు రేకుని ఎంత త్వరగా తినేస్తుందో వేరే చెప్పాలా! సీట్లలో మాత్రం నాకు ఇంకో బాధ ఉంది. స్ప్రింగుల మీద నాన్నగారి కాలం నాటి కొబ్బరిపీచు పరుపు ఉండేది. అది పారేసి పల్చటి ఫోమ్ వేశారు, ఐదు వారాలకే కుంగింది. కొబ్బరిపీచుకి మనమే పుట్టిల్లు కదండీ, అడిగితే ఇక్కడే కొత్తది చేయించేవాణ్ణి.

షెడ్డువాళ్లని అడిగితే "మీరు ఆయిల్ చూసుకోలేదు" అన్నారు. బిల్లు, ఫోటోలు, మేస్త్రి గారి చేత రాయించుకున్న కాగితం పెట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. నష్టం జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. పక్కా బిల్లు లేకపోతే మాత్రం చాలా కష్టం, తెల్లకాగితం మీద లెక్క ఒప్పుకోకండి.

మీరు పని ఇస్తే ముందు బ్రేకులు, ఫ్లోరు పూర్తి చేయించి, మీ కళ్లతో చూశాకే కార్పెట్, సీట్ల పని మొదలుపెట్టనివ్వండి. తీసేసిన పాత సిలిండర్లు, పైపులు మీకిచ్చేయాలని మొదటిరోజే చెప్పండి. ఇవ్వలేదంటే మార్చలేదనే అనుకోండి. బండి తీసుకునేటప్పుడు పెడల్‌ని గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. మెల్లగా కిందకి దిగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే, డబ్బు ఇవ్వకండి. వారం తిరిగాక చక్రాల లోపలివైపు తడి ఉందేమో చూడండి.

ఇప్పటికే పని చేయించి బండి నడుపుతున్నవాళ్లు దయచేసి ఈరోజే డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి చూడండి. అతికించి ఉంటే కోసేయండి. కార్పెట్ మళ్లీ కొనుక్కోవచ్చు.